రక్తం గడ్డకట్టడం, దాన్ని అదుపులో ఉంచే మాత్రలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి రైలెక్కి చెన్నై సెంట్రల్‌లో దిగి గుండె చూపించుకోవడానికి వచ్చే తెలుగువారు, ఇక్కడే పెరంబూరులోనో వ్యాసర్పాడిలోనో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు, ఒక ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసే నన్ను ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. వైద్యులు తమిళంలోనో ఇంగ్లీషులోనో చెప్పినది సగం అర్థమై, మిగతా సగాన్ని ఇరుగుపొరుగు మాటలతో పూరించుకునేవారు చాలామంది ఉన్నారు. ఈ మందుల విషయంలో ఆ మిగతా సగమే ప్రాణాల మీదికి తెస్తుంది. మోతాదు నిర్ణయించవలసినది మీ వైద్యులే. వారు అలా ఎందుకు నిర్ణయించారో మీకు అర్థమయ్యేలా చెప్పడం మాత్రమే ఇక్కడ నా పని.

ఈ మాత్రలు వేసుకుంటే రక్తం నిజంగా పలచబడుతుందా?

పలచబడదు. ఈ మాత్రల్లో ఒకటైన వార్ఫరిన్ వేసుకునేవారి రక్తాన్నీ, ఏ మందూ వాడనివారి రక్తాన్నీ పక్కపక్కన పెట్టి చూసినా చిక్కదనంలో తేడా కనిపించదు. గడ్డకట్టడానికి పట్టే సమయంలోనే తేడా తెలుస్తుంది. "రక్తం పలచన చేసే మందు" అన్న మాట వాడుకలో ఎంతగా పాతుకుపోయిందంటే వైద్యులు కూడా అలాగే అంటారు. ఆ మాట వల్ల జరిగే నష్టాన్ని నేను దగ్గరగా చూశాను కాబట్టి దీన్నే మొదటి ప్రశ్నగా పెట్టాను. ఒంట్లో నీరసంగా ఉంటే రక్తం మరీ నీళ్లయిపోయిందనుకుని మాత్ర మానేసేవారున్నారు. మజ్జిగ, కొబ్బరినీళ్లు బాగా తాగితే రక్తం దానంతటదే పలచబడుతుంది కదా, మాత్ర ఎందుకని అడిగేవారూ ఉన్నారు. నీరసం రక్తహీనత వల్ల రావచ్చు, దానికి పరీక్ష వేరు, వైద్యం వేరు. ఈ మాత్రలు రక్తంలో నీటిని పెంచవు, ఎర్రకణాలను తగ్గించవు. గాయమైనచోట గడ్డ అల్లుకునే పనిలో కొన్ని అంచెలను నెమ్మదింపజేస్తాయి, అంతే. అందుకే ఇక్కడ వీటిని గడ్డ నిరోధక మందులు అనే పిలుస్తాను.

అసలు గాయమైనచోట రక్తం ఎలా గడ్డకడుతుంది?

కత్తిపీట మీద కూరగాయలు తరుగుతుండగా వేలు తెగిందనుకోండి. తెగిన రక్తనాళం ముందుగా తనంతట తానే ముడుచుకుని, బయటికి పోయే రక్తాన్ని కొంత తగ్గిస్తుంది. నాళం లోపలి నునుపైన పొర చిరగడంతో దాని కింద ఉండే కొలాజెన్ అనే పీచు రక్తానికి తగులుతుంది. రక్తంలో తిరుగుతూ ఉండే ప్లేట్‌లెట్లు, వాన్ విల్లిబ్రాండ్ కారకం అనే జిగురులాంటి ప్రోటీన్ సాయంతో అక్కడ అతుక్కుని, ఆకారం మార్చుకుని, మరిన్ని ప్లేట్‌లెట్లను పిలిచే రసాయనాలను వదులుతాయి. ఆరోగ్యవంతుల రక్తంలో ప్రతి మైక్రోలీటరుకు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఇవి ఉంటాయి. గండి పడిన చెరువుకట్టకు ముందుగా ఇసుక మూటలు వేసినట్టు, ఇవి కొన్ని నిమిషాల్లోనే రంధ్రాన్ని పూడుస్తాయి.

అయితే మూటలు మాత్రమే వేస్తే ప్రవాహం వాటిని కొట్టుకుపోతుంది. వాటిని కంపతో అల్లి బిగించే పని ఫైబ్రిన్ అనే ప్రోటీన్ పోగులది. రక్తంలో ఎప్పుడూ కరిగి ఉండే ఫైబ్రినోజెన్ అనే పదార్థం నుంచి ఈ పోగులు తయారవుతాయి. ఆ మార్పు తెచ్చేది థ్రాంబిన్. థ్రాంబిన్ కూడా రక్తంలో సిద్ధంగా ఉండదు, ప్రోత్రాంబిన్ అనే నిద్రాణ రూపంలో ఉంటుంది. గడ్డకట్టే పనిలో పాల్గొనే ఇలాంటి పదార్థాలను కారకాలంటారు, వాటికి అంకెలిచ్చారు. ప్రోత్రాంబిన్‌ను మేల్కొలిపేది 10వ కారకం, 10వ కారకాన్ని మేల్కొలిపేది 7వ కారకం. 7వ కారకం మేల్కొనాలంటే చర్మం, కండ వంటి కణజాలంలో ఉండే టిష్యూ ఫ్యాక్టర్ రక్తానికి తగలాలి, అంటే నిజంగా గాయమై ఉండాలి. ఇలా ఒకటి మరొకదాన్ని లేపుకుంటూ పోవడం వల్ల మొదట చిటికెడంత ఉన్న సంకేతం చివరికి దోసిళ్లకొద్దీ పెరుగుతుంది. పైగా మొదట పుట్టిన కాస్త థ్రాంబిన్ వెనక్కి తిరిగి 5, 8, 11 కారకాలను కూడా రేపి, ఇంకా ఎక్కువ థ్రాంబిన్ తయారయ్యేలా చేస్తుంది. 8వ కారకం పుట్టుకతోనే లోపించినవారికి ఈ రెండో విడత సరిగ్గా సాగదు. రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా అనే జబ్బు రకాల్లో ఎక్కువగా కనిపించేది అదే. చివరగా 13వ కారకం ఫైబ్రిన్ పోగులను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. ఈ అంచెలలో చాలావాటికి కాల్షియం తప్పనిసరి. ఈ వరుసలో 6వ కారకం ఉండదు. మొదట ఆ అంకె ఇచ్చిన పదార్థం నిజానికి మేల్కొన్న 5వ కారకమే అని తరువాత తేలడంతో ఆ స్థానాన్ని ఖాళీగా వదిలేశారు.

అలాగైతే చిన్న గాయానికే ఒంట్లో రక్తమంతా ఎందుకు గడ్డకట్టదు?

ప్రతి అంచెకూ పగ్గాలున్నాయి. యాంటీథ్రాంబిన్ అనే ప్రోటీన్, తప్పించుకుని పారిపోయే థ్రాంబిన్‌ను పట్టుకుని పనికిరాకుండా చేస్తుంది. ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్ అనే జంట 5, 8 కారకాలను ఆపేస్తాయి. నాళం మానే కొద్దీ ప్లాస్మిన్ అనే ఎంజైమ్ ఫైబ్రిన్ పోగులను కొంచెం కొంచెంగా కత్తిరించి గడ్డను కరిగిస్తుంది. గడ్డకట్టడం, కరగడం రెండూ మన ఒంట్లో నిత్యం పక్కపక్కనే నడుస్తూ ఉంటాయి.

ఈ పగ్గాలు తెగితే ఏమవుతుందో మన పొలాల్లో రక్తపింజర కాటు చూసినవారికి తెలుసు. దాని విషం 10, 5 కారకాలను నేరుగా రేపుతుంది. రక్తంలో ఎక్కడికక్కడ ఫైబ్రిన్ తయారై, ఉన్న ఫైబ్రినోజెన్ అంతా ఖర్చైపోయి, చివరికి గాయం నుంచి కారే రక్తం గడ్డకట్టడమే మానేస్తుంది. అందుకే పాముకాటు కేసుల్లో శుభ్రమైన గాజు గొట్టంలో రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందో లేదో చూస్తారు. పాము విషానికి విరుగుడు మందు తయారీకి కావలసిన విషాన్ని సేకరించే, పాములు పట్టే ఇరుళర్ల సహకార సంఘం 1978లో ఏర్పడింది, మన చెన్నై శివార్లలోని వడనెమ్మేలిలో పనిచేస్తోంది. గడ్డకట్టే తీరు ఎంత సున్నితమైన తూకంలో ఉందో చెప్పడానికి దీనికన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

గాయమేమీ లేకుండా లోపల గడ్డ ఎందుకు ఏర్పడుతుంది?

1856లో రుడాల్ఫ్ ఫిర్కో అనే జర్మన్ వైద్యుడి రచనల నుంచి వచ్చిన మూడు కారణాలనే నేటికీ చెబుతారు: రక్తప్రవాహం నిలిచిపోవడం, నాళపు గోడ దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే గుణం ఎక్కువ కావడం. ఆపరేషన్ తరువాత రోజుల తరబడి మంచం మీద ఉన్నవారికి కాలి సిరల్లో గడ్డ వస్తుంది. అది ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. గుండె పై గది లయ తప్పి వణికే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో, ఎడమవైపు గదికి అంటుకుని ఉండే చిన్న సంచిలాంటి మూలలో రక్తం నిలిచి గడ్డవుతుంది. అది మెదడుకు వెళ్తే పక్షవాతం. ఈ జబ్బు ఉన్నవారికి పక్షవాతం ముప్పు మిగతావారికన్నా సుమారు 5 రెట్లు ఎక్కువ. లోహంతోనో కార్బన్‌తోనో చేసిన కృత్రిమ వాల్వు అమర్చినవారిలో, శరీరానికి చెందని ఉపరితలం రక్తానికి ఎప్పుడూ తగులుతూనే ఉంటుంది కాబట్టి, ముప్పు జీవితాంతం ఉంటుంది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో రూపొంది, 1990లో మొదటిసారి మనిషికి అమర్చిన మన దేశపు చిత్ర వాల్వుకైనా, విదేశీ వాల్వుకైనా ఈ విషయంలో మినహాయింపు లేదు.

నేను ఇప్పటికే ఆస్పిరిన్ వేసుకుంటున్నాను. అది సరిపోదా?

రెండూ వేరు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ పనిచేసేది ప్లేట్‌లెట్ల మీద, అంటే ఇసుక మూటల మీద. వార్ఫరిన్ వంటివి పనిచేసేది అల్లిక మీద. వేగంగా రక్తం పారే ధమనుల్లో, కొవ్వు పేరుకున్నచోట వచ్చే గడ్డలో ప్లేట్‌లెట్ల పాత్ర ఎక్కువ, కాబట్టి గుండెపోటుకూ, స్టెంటు వేసినవారికీ ఆస్పిరిన్ వర్గం మందులిస్తారు. రక్తం నిదానించే సిరల్లోనూ, గుండె పై గదిలోనూ వచ్చే గడ్డలో ఫైబ్రిన్ పాత్ర ఎక్కువ, అక్కడ ఆస్పిరిన్ చాలదు. రెండు రకాలూ కలిపి వాడవలసిన పరిస్థితులు కొన్ని ఉంటాయి గాని, అప్పుడు రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అందువల్ల ఎన్నాళ్లు కలిపి వాడాలో వైద్యులను తేదీతో సహా అడిగి రాసుకోండి.

వార్ఫరిన్, ఎసిట్రామ్ ఎలా పనిచేస్తాయి?

2 (అంటే ప్రోత్రాంబిన్), 7, 9, 10 అంకెల కారకాలు కాలేయంలో తయారవుతాయి. తయారైనా, వాటికి కాల్షియాన్ని పట్టుకునే చేయి ఒకటి అతికితేగాని అవి పనిచేయవు. ఆ చేయి అతికించడానికి విటమిన్ కె కావాలి. ఒకసారి వాడిన విటమిన్ కె శక్తి కోల్పోతుంది. ఒక ఎంజైమ్ దాన్ని మళ్లీ పనికొచ్చే రూపానికి తెస్తుంది. వార్ఫరిన్, అలాగే మన దేశంలో ఎక్కువగా రాసే ఎసిట్రామ్ అనే పేరుతో దొరికే ఎసినోకూమరాల్, ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. ఫలితంగా కాలేయం తయారుచేసే కారకాల్లో కొంత భాగం చేతులు లేనివిగా బయటికి వస్తాయి. ఇప్పటికే రక్తంలో ఉన్న కారకాలను ఈ మందు ఏమీ చేయదన్నది గుర్తుంచుకోవాలి. అందుకే ఈ రోజు వేసుకున్న మాత్ర ఫలితం రెండు మూడు రోజులకుగాని పూర్తిగా తెలియదు.

ఈ మందు చరిత్ర పశువులతో మొదలైంది. 1920లలో ఉత్తర అమెరికాలో, బూజు పట్టిన స్వీట్ క్లోవర్ అనే మేత తిన్న పశువులు చిన్న గాయాలకే రక్తం ఆగక చనిపోయేవి. 1933లో విస్కాన్సిన్ రైతు ఒకరు చనిపోయిన పెయ్యనూ, గడ్డకట్టని రక్తం నిండిన డబ్బానూ, ఆ మేతనూ మంచు తుపానులో విశ్వవిద్యాలయానికి తీసుకెళ్లాడు. కార్ల్ పాల్ లింక్ బృందం ఆరేళ్లు శ్రమించి 1939లో అందులోని డైకూమరాల్‌ను వేరుచేసింది. దాని నుంచి రూపుదిద్దిన వార్ఫరిన్‌ను 1948లో ఎలుకల మందుగా అమ్మారు, 1954లో మనుషుల వైద్యానికి అనుమతించారు. ఎలుకల మందు ఇస్తున్నారా అని ఇంటర్నెట్‌లో చదివి భయపడి వచ్చేవారికి నేను ఈ కథంతా చెబుతాను. పదార్థం ఒకటే అయినా, తేడా అంతా మోతాదులోనూ, ఆ మోతాదును కొలిచే పరీక్షలోనూ ఉంది.

మొదలుపెట్టిన కొత్తలో మాత్రతోపాటు పొట్ట మీద సూదులు కూడా ఎందుకు వేస్తారు?

కాలి సిరలోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ ఉన్నవారికి ఇలా చేస్తారు. 7వ కారకం సుమారు 6 గంటల్లోనే సగానికి తగ్గుతుంది, కాబట్టి పరీక్షలో ఐఎన్‌ఆర్ (గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే కొలత, తరువాతి ప్రశ్నలో వివరిస్తాను) పెరిగినట్టు కనిపిస్తుంది. ప్రోత్రాంబిన్ మాత్రం రెండున్నర, మూడు రోజులకుగాని సగానికి తగ్గదు. దీనికి తోడు, గడ్డకు పగ్గం వేసే ప్రోటీన్ సి కూడా విటమిన్ కె మీదే ఆధారపడినది కావడంతో అదీ తొలి రోజుల్లోనే తగ్గిపోతుంది. అంటే మొదటి కొన్ని రోజుల్లో కాగితం మీద రక్షణ కనిపించినా ఒంట్లో ఉండదు. ఆ ఖాళీలో, వెంటనే పనిచేసే హెపారిన్ అనే గడ్డ నిరోధక మందు సూదులు కాపాడతాయి. సాధారణంగా కనీసం 5 రోజులు, ఐఎన్‌ఆర్ 2కు చేరి ఒక రోజంతా నిలిచేదాకా వాటిని కొనసాగిస్తారు.

ఐఎన్‌ఆర్ అంటే ఏమిటి? ఎంత ఉండాలి?

మీ రక్తపు ద్రవానికి టిష్యూ ఫ్యాక్టర్, కాల్షియం కలిపి గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడడమే ప్రోత్రాంబిన్ టైమ్ పరీక్ష. మందు వాడనివారికి అది 12 సెకన్ల అటూ ఇటూగా ఉంటుంది. ఒక్కో ప్రయోగశాల వాడే రసాయనం ఒక్కో తీరుగా ఉండడంతో ఒకచోట వచ్చిన సెకన్లు మరోచోట సరిపోలేవి కావు. ఆ ఇబ్బంది తీర్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1983లో ఐఎన్‌ఆర్ అనే నిష్పత్తిని తెచ్చింది. మందు లేనివారికి అది సుమారు 1. ఏట్రియల్ ఫిబ్రిలేషన్, కాలి గడ్డ ఉన్నవారికి 2 నుంచి 3 మధ్య, మైట్రల్ స్థానంలో (గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య) కృత్రిమ వాల్వు ఉన్నవారికి చాలావరకు 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. మీ లక్ష్యమెంతో వైద్యులు మీకు చెప్పాలి, చెప్పకపోతే మీరే అడగాలి.

పరీక్షకు పరగడుపున వెళ్లనక్కర్లేదు. రక్తం తీసే నీలిమూత గొట్టంలో సిట్రేట్ అనే ద్రవం ముందే ఉంటుంది. 9 వంతుల రక్తానికి 1 వంతు సిట్రేట్ ఉండాలని గొట్టం మీద గీత ఉంటుంది. రక్తం ఆ గీత దాకా చేరకపోతే సిట్రేట్ పాలు ఎక్కువై, లేని పెరుగుదల కనిపించవచ్చు. ఐఎన్‌ఆర్ అకస్మాత్తుగా విడ్డూరంగా వస్తే మోతాదు మార్చేముందు మళ్లీ పరీక్ష చేయించమని నేను అడిగేది ఇందుకే. వీలైనంతవరకు ఒకే ప్రయోగశాలకు వెళ్లండి. ఇద్దరు మనుషులకు ఒకే మోతాదు సరిపోదు. జన్యువుల్లో తేడా వల్ల ఒకరికి వారానికి 10 మిల్లీగ్రాములు చాలితే మరొకరికి 50 కావచ్చు, కాబట్టి వదినగారి మోతాదుతో మీ మోతాదును పోల్చుకోవద్దు.

ఆకుకూరలు పూర్తిగా మానేయాలా?

మానవద్దు. ఈ ఒక్క విషయంలో మా దగ్గరికి వచ్చే వారిలో సగంమందికి పైగా పొరపాటు పడినవారే. వార్ఫరిన్ లేదా ఎసిట్రామ్ మోతాదును మీరు మామూలుగా తినే తిండిని బట్టే సరిచేస్తారు. వారానికి రెండుసార్లు తోటకూర పప్పో, పాలకూర పప్పో తినే అలవాటుంటే అలాగే తినండి. ఇబ్బంది వచ్చేది హఠాత్తుగా మార్చినప్పుడే. నెల రోజులు ఆకు ముట్టకుండా ఉండి, ఐఎన్‌ఆర్ పెరిగిందని మోతాదు తగ్గించాక, పుట్టింటికి వెళ్లి వారమంతా గోంగూర, మునగాకు, పుదీనా పచ్చడి తిన్న ఒక తల్లికి వాల్వు మీద గడ్డ చేరడం నేను చూశాను. ఆమెకు ఆకుకూరలు మానమని చెప్పినవారు మేలు చేస్తున్నామనే అనుకున్నారు.

లెక్క తెలియాలంటే, పెద్దవారికి రోజుకు సుమారు 100 మైక్రోగ్రాముల విటమిన్ కె చాలు. 100 గ్రాముల పచ్చి పాలకూరలోనే సుమారు 480 మైక్రోగ్రాములుంటాయి. చెన్నైలో కీరై అమ్మే అవ్వ దగ్గర ఒక్కో రోజు ఒక్కో కట్ట దొరుకుతుంది: ముళై కీరై, అరై కీరై తోటకూర జాతివి, పొన్నాంగణ్ణి మన పొన్నగంటి కూర, మురుంగై కీరై మునగాకు, అగత్తి కీరై అవిశాకు. పేరు ఏదైనా ముదురాకుపచ్చని ఆకు అయితే విటమిన్ కె ఎక్కువనే అనుకుని, వారంలో కట్టల సంఖ్య ఒకేలా ఉండేలా చూసుకోండి. కొత్తిమీర పచ్చడి, పుదీనా పచ్చడి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. తాలింపులో వేసే నాలుగు కరివేపాకు రెబ్బల గురించి దిగులుపడనక్కర్లేదు. అన్నం, కందిపప్పు, పెరుగు, అరటిపండు, టమాటాల్లో ఇది తక్కువే. నోములకు ఉపవాసముండేవారు, విరేచనాలతో నాలుగు రోజులు తిండి సరిగా తిననివారు ఆ సంగతి వైద్యులకు చెప్పాలి, ఎందుకంటే అప్పుడు ఐఎన్‌ఆర్ పైకి పోతుంది.

నెలనెలా పరీక్ష అక్కర్లేని కొత్త మందులున్నాయట. మాకెందుకు రాయరు?

డాబిగాట్రాన్ థ్రాంబిన్‌ను నేరుగా పట్టుకుంటుంది. రివరోక్సబాన్, ఎపిక్సబాన్, ఎడోక్సబాన్ 10వ కారకాన్ని పట్టుకుంటాయి. విటమిన్ కెతో పనిలేదు కాబట్టి ఆకుకూరల బెడద లేదు, కొన్ని గంటల్లోనే పనిచేస్తాయి, ఐఎన్‌ఆర్ చూడనక్కర్లేదు. వాల్వు జబ్బు లేని ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కూ, కాలి సిరల గడ్డకూ ఇప్పుడు చాలామందికి వీటినే ముందుగా రాస్తారు. మెదడులో రక్తస్రావం వీటితో వార్ఫరిన్ కన్నా తక్కువ.

కాని కృత్రిమ లోహ వాల్వు ఉన్నవారికి ఇవి పనికిరావు. 2013లో వెలువడిన ఒక పరిశోధనలో, అలాంటివారికి డాబిగాట్రాన్ ఇస్తే గడ్డలూ రక్తస్రావమూ రెండూ ఎక్కువ కావడంతో దాన్ని మధ్యలోనే ఆపవలసి వచ్చింది. చిన్నతనంలో కీళ్ల జ్వరం వచ్చి మైట్రల్ వాల్వు ఇరుకైనవారి సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే మన దేశంలో ఆ జబ్బు ఇంకా ఉంది. కీళ్ల జ్వరం వల్ల గుండె దెబ్బతిని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చిన సుమారు 4,500 మందితో 2022లో వెలువడిన ఇన్విక్టస్ అనే అధ్యయనంలో, రివరోక్సబాన్ కన్నా వార్ఫరిన్ వర్గం మందులు వాడినవారిలోనే మరణాలు తక్కువగా ఉన్నాయి, రక్తస్రావం ఎక్కువ కాలేదు. అందువల్ల వైద్యులు మీకు పాత మందే రాస్తే అది ఖర్చు తగ్గించడానికి కాదు.

కొత్త మందుల్లో జాగ్రత్తలు వేరు. కిడ్నీల పనితీరు ఏడాదికి ఒకసారైనా చూడాలి. డాబిగాట్రాన్‌లో నూటికి 80 పాళ్లు కిడ్నీల ద్వారానే పోతుంది. రివరోక్సబాన్ 15, 20 మిల్లీగ్రాముల మాత్రలు భోజనంతోపాటే వేసుకోవాలి, లేకపోతే సరిగా ఒంటబట్టవు. డాబిగాట్రాన్ క్యాప్సూల్‌ను విప్పకూడదు, దాని సొంత డబ్బాలోంచి తీసి వేరే డబ్బాలో పోయకూడదు.

ఒక పూట మాత్ర మరిచిపోతే?

వార్ఫరిన్, ఎసిట్రామ్ అయితే అదే రోజు గుర్తొస్తే వేసుకోండి. మరునాడు గుర్తొస్తే వదిలేసి ఆ రోజు మోతాదు మాత్రమే వేసుకుని, పుస్తకంలో రాసుకోండి. ఏ మందైనా రెండు పూటలది ఒకేసారి వేసుకోకూడదు. కొత్త మందుల పనితనం ఒక రోజులోనే తగ్గిపోతుంది కాబట్టి వాటిని మరవడం మరింత ప్రమాదకరం. డాబిగాట్రాన్ తరువాతి మోతాదుకు 6 గంటలకన్నా తక్కువ సమయముంటే మరిచిన దాన్ని వదిలేయాలి.

జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే ఏ మందు వేసుకోవచ్చు?

పారాసిటమాల్ నయం. అదైనా రోజుల తరబడి పెద్ద మోతాదులో వాడితే ఐఎన్‌ఆర్ పెంచుతుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వైద్యులు చెప్పకుండా వద్దు. వీధి చివరి క్లినిక్‌కు వెళ్లగానే "ఒక సూది వేయండి డాక్టరు గారూ" అని అడిగే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఈ మందులు వాడేవారికి కండలోకి వేసే సూది వల్ల లోపలే రక్తం చేరి తొడంతా వాచిపోవచ్చు. సూది కావాలనే ముందు మీరు వాడే మందు పేరు చెప్పండి.

మెట్రోనిడజోల్, ఫ్లూకోనజోల్, కోట్రైమోక్సజోల్, గుండె లయకిచ్చే అమియోడరోన్ ఐఎన్‌ఆర్‌ను పెంచుతాయి. క్షయకిచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకిచ్చే ఫెనిటోయిన్, కార్బమజెపిన్ తగ్గిస్తాయి. క్షయ మందులు మొదలుపెట్టినప్పుడే కాదు, అవి ముగిసినప్పుడు కూడా మోతాదు మార్చాలి. ఈ రెండో సగం చాలాసార్లు అందరూ మరిచిపోతారు. నాటు, ఆయుర్వేద, సిద్ధ మందులు, వానాకాలంలో ఇక్కడ ఇంటింటా కాచే నిలవేంబు కషాయం వాడుతుంటే దాచకుండా చెప్పండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో వానలు, వాటి వెంట డెంగీ. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, దానికి గడ్డ నిరోధక మందు తోడైతే రక్తస్రావం ముప్పు రెండు వైపుల నుంచీ వస్తుంది. ఆ నెలల్లో జ్వరం వస్తే రెండో రోజు దాకా ఆగకుండా రక్తపరీక్ష చేయించుకుని మీ గుండె వైద్యుడికి ఫోను చేయండి. ప్లేట్‌లెట్లు 50,000కు దిగువకు వస్తే మందు ఆపాలా, హెపారిన్‌కు మార్చాలా అన్నది ఆయన నిర్ణయించాలి. వాల్వు ఉన్నవారు సొంతంగా ఆపకూడదు.

పన్ను పీకించుకోవాలి, లేదా ఆపరేషన్ ఉంది. మాత్ర ఆపాలా?

ఒకటి రెండు పళ్లు పీకడానికి సాధారణంగా ఆపనక్కర్లేదు. ముందురోజు ఐఎన్‌ఆర్ చూసి, అది అదుపులో ఉంటే, పీకినచోట కుట్టువేసి, ట్రానెక్సమిక్ యాసిడ్ తడిపిన దూదితో నొక్కి ఉంచితే చాలు. పెద్ద ఆపరేషన్లకు వార్ఫరిన్‌ను సుమారు 5 రోజుల ముందు, కొత్త మందులను కిడ్నీల స్థితిని బట్టి ఒకటి నుంచి రెండు రోజులు, కొందరికి ఇంకా ముందు ఆపుతారు. ఆపే తేదీ ఎంత ముఖ్యమో మళ్లీ మొదలుపెట్టే తేదీ అంత ముఖ్యం. ఆపమన్న వైద్యుడు ఒకరు, మొదలుపెట్టమనవలసిన వైద్యుడు మరొకరు కావడంతో నెలల తరబడి మందు లేకుండా ఉండిపోయినవారున్నారు.

గర్భం దాల్చాలనుకుంటున్నాను. ఏం చేయాలి?

గర్భం రాకముందే మాట్లాడాలి. వార్ఫరిన్ 6 నుంచి 12 వారాల మధ్య బిడ్డ ముక్కు, ఎముకల ఎదుగుదలను దెబ్బతీస్తుంది, ఆ తరువాత కూడా పూర్తిగా నిరపాయం కాదు. హెపారిన్ మావిని దాటి బిడ్డను చేరదు గాని, కృత్రిమ వాల్వు ఉన్న తల్లిని వార్ఫరిన్ అంత బాగా కాపాడదు. ఏ నెలలో ఏ మందు అన్నది గుండె వైద్యులు, ప్రసూతి వైద్యులు కలిసి మీ మోతాదును బట్టి నిర్ణయిస్తారు. నెల తప్పిందన్న అనుమానం వచ్చిన రోజే వెళ్లండి, మాత్ర మాత్రం సొంతంగా ఆపవద్దు. కొత్త మందులు గర్భిణులకు ఇవ్వరు. బిడ్డకు పాలిచ్చేటప్పుడు వార్ఫరిన్ వాడవచ్చు.

ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి?

తల గోడకు గట్టిగా తగిలితే, పైకి ఏమీ కనిపించకపోయినా వెళ్లండి. తారులా నల్లటి మలం, ఎర్రటి మూత్రం, రక్తపు వాంతి, పది నిమిషాలు నొక్కినా ఆగని ముక్కు రక్తం, ఎన్నడూ లేనంత తలనొప్పి రక్తస్రావానికి గుర్తులు. మూతి వంకరపోవడం, మాట తడబడడం, ఒక చెయ్యి లేవకపోవడం, హఠాత్తుగా ఆయాసం, ఒక కాలు మాత్రమే వాయడం, వాల్వు ఉన్నవారికి ఎప్పుడూ వినిపించే టిక్కు టిక్కు శబ్దం మందగించడం గడ్డకు గుర్తులు. 108కి ఫోను చేయండి. వార్ఫరిన్‌కు విటమిన్ కె, గాఢత పెంచిన కారకాల మందు విరుగుడు. డాబిగాట్రాన్‌కు ఐడారుసిజుమాబ్ అనే ప్రత్యేకమైన విరుగుడు 2015 నుంచి ఉంది. మీరు వాడే మందు పేరు చెప్పగలిగితేనే వైద్యులు ఏది వాడాలో తేల్చుకోగలరు. చిగుళ్లలో కాస్త రక్తం, చిన్న కమిలిన మచ్చలు మాత్రమే ఉంటే పరుగెత్తనక్కర్లేదు గాని, ఆ వారంలోనే ఐఎన్‌ఆర్ చూపించుకోండి.

మందుల కవరు మీద తమిళంలో రాసిచ్చారు, నాకు చదవడం రాదు. ఊరికి వెళ్లాక ఎలా?

దుకాణంలోనే అడిగి తెలుగులో రాయించుకోండి, లేదా మీరే రాసుకోండి. కాలై అంటే ఉదయం, మదియం అంటే మధ్యాహ్నం, ఇరవు అంటే రాత్రి, ఇరవై అనుకోవద్దు. ఎసిట్రామ్ 1, 2, 3, 4 మిల్లీగ్రాముల మాత్రలుగా దొరుకుతుంది, కాబట్టి "రోజుకు ఒక మాత్ర" అన్న గుర్తు చాలదు. "రోజుకు 3 మిల్లీగ్రాములు, రాత్రి 8 గంటలకు" అని రాసుకోవాలి. దుకాణం మారినప్పుడు స్ట్రిప్పు మీద మందు పేరు, మిల్లీగ్రాములు పాత స్ట్రిప్పుతో పోల్చి చూడండి. ఊరికి వెళ్లేముందు ఐఎన్‌ఆర్ చూపించుకుని, కనీసం పది రోజుల మందు అదనంగా కొని, సగం పెట్టెలోనూ సగం చేతిసంచిలోనూ పెట్టుకోండి. మందు పేరు, మోతాదు, ఎందుకు వాడుతున్నారు, ఐఎన్‌ఆర్ లక్ష్యం, వాల్వు రకం, వైద్యుడి ఫోను నంబరు ఒక చిన్న అట్టముక్క మీద ఒక వైపు తెలుగులో, మరో వైపు ఇంగ్లీషులో రాసి పర్సులో ఆధార్ కార్డు పక్కనే ఉంచుకోండి. స్పృహ తప్పినప్పుడు ముందుగా వెతికేది అక్కడే.